తెర లేని వంటిల్లు

వంటింటి తలుపుకు లోపలినుంచి గడియ పడి అప్పటికి ఆరు గంటలు దాటింది.

"ఏమండీ! మిమ్మల్నే! తలుపు తీస్తారా, వడ్రంగిని పిలిపించమంటారా?" అని టైలరమ్మ మూడోసారి అరిచింది. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే వీధి మలుపు దాకా వినిపిస్తుంది. పాతికేళ్లుగా కుట్టుమిషను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ ఆ గొంతు అక్కడే స్థిరపడిపోయింది. ఇక అరిస్తే చెప్పేదేముంది? ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

లోపలినుంచి జవాబైతే వచ్చింది. ఏమొచ్చిందో మాత్రం ఎవరికీ తెలియలేదు.

"ఏమన్నారే?" అంది కూతురితో.

"నువ్వు అరవకుండా ఉంటే వినపడేదమ్మా."

తల్లీ కూతుళ్లిద్దరూ తలుపుకు చెవులు ఆనించారు.

"తియ్యను" అంటున్నారు లోపల గుసగుసగారు. "నా తెర కోసేసినవాళ్ల నాటకానికి నా వంటిల్లు ఇవ్వను."

ఎంత కోపమొచ్చినా ఆయన గొంతు అంతకంటే లేవదు. ఊళ్లోని పెద్ద నాటకాల హాల్లో ముప్పై నాలుగేళ్లు ప్రాంప్టరుగా పనిచేశారు. తెర పక్కన చీకట్లో ముక్కాలిపీట మీద కూర్చుని, మాట మరిచిపోయిన నటులకు మాట అందించడం ఆయన ఉద్యోగం. కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సు తండ్రి పేరు అడిగితే మూడుసార్లు చెప్పి, వినపడక, చివరికి కాగితం మీద రాసిచ్చారు. గుసగుసగారని మొదట ఎవరు పిలిచారో తెలియదు గానీ, ఇప్పుడు ఉత్తరాలు కూడా ఆ పేరుతోనే వస్తున్నాయి.

ఆ రోజు సాయంత్రం అయిదింటికి ఇరవై రెండుమంది ప్రేక్షకులు రావాలి. నాటకం వాళ్లింట్లోనే, అదీ వంటింట్లో. వేదిక లేదు, మైకు లేదు, మొహానికి రంగు లేదు, రాసిన మాట ఒక్కటీ లేదు. వచ్చినవాళ్లు దొరికిన చోట కూర్చోవాలి. నటి వంట చేస్తూ తన కథ తను చెప్పుకుంటుంది. చూసేవాళ్లకు తోస్తే మధ్యలో ప్రశ్నలు కూడా వెయ్యొచ్చు. అమ్మాయి సొంతంగా తయారుచేసిన మొదటి నాటకం ఇది. ఏడు నెలలు నిద్రలో కూడా దాని గురించే మాట్లాడింది.

పొద్దున్న గుసగుసగారు టీ తాగుతూ ముందుగదిలోకి వచ్చేసరికి అక్కడ ఇరవై రెండు కుషన్లు వరసగా పేర్చి ఉన్నాయి. మెరూన్ రంగు మఖమలు, అంచున బంగారు రంగు కుచ్చు. ఆ గుడ్డ ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రెండేళ్ల కిందట హాలు మూసేసిన రోజున అందరూ కుర్చీలూ లైట్లూ పంచుకుంటే, ఆయన తెర ఒక్కటే అడిగి తెచ్చుకున్నారు. తన చేతులతో మడతపెట్టి అటకెక్కించారు.

"ఎవరు కోశారు?" అని అడిగారు.

"నేనే నాన్నా" అంది కూతురు. టైలరమ్మ కత్తెర వైపు చూస్తూ నిలబడింది. ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. ఆ గడియే ఇప్పటికీ.

"నాన్నా, నా మాట విను" అంది అమ్మాయి తలుపుతో. "వచ్చినవాళ్లు కూర్చోడానికి ఏదో ఒకటి కావాలి కదా. అటక మీద మూటలో పడుండే బదులు నాటకంలో ఉంటే మంచిది కాదూ?"

"తెరను కింద వేసుకుని కూర్చునే నాటకం ఏం నాటకమే?"

"తెర లేని నాటకం."

"తెర లేకపోతే మొదలైందని ఎలా తెలుస్తుంది?"

"మనింటికి చుట్టాలొస్తే తెర లేపుతామా? వస్తారు, మాట్లాడతాం, అంతే."

"మరి అయిపోయిందని ఎలా తెలుస్తుంది?"

దానికి అమ్మాయి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఏడు నెలలుగా లేదు. అందుకే ఆ ప్రశ్న అంటే ఆమెకు ఒళ్లు మంట.

"నీ ప్రాంప్టింగు బుర్రకి ఇది ఎక్కదులే నాన్నా!" అనేసి నాలుక కరుచుకుంది.

టైలరమ్మ కూతుర్ని మోచేత్తో పొడిచింది.

"ఏమండీ, పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా?"

లోపల ఏదో డబ్బా కదిలిన చప్పుడైంది.

"వంటింట్లో కూర్చుని ఆకలితో మాడే మనిషిని ఈ లోకంలో మిమ్మల్నే చూశాను. ఎటు చూసినా తిండే. పొయ్యి వెలిగించడం రాదు, డబ్బా మూత తియ్యడం రాదు, కోపగించుకోవడం మాత్రం వచ్చు."

వీధి తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. తన కత్తీ, తన ఆప్రనూ సంచిలో పెట్టుకుని మహారాణి దిగింది. గుసగుసగారి చెల్లెలు. అదే హాల్లో ఇరవై ఎనిమిదేళ్లు రాణి వేషాలు వేసింది. సాయంత్రం నాటకంలో ఉన్న ఒకే ఒక్క నటి ఆవిడే. ఇప్పటికీ రిక్షా ఎక్కితే సింహాసనం ఎక్కినట్టే ఎక్కుతుందని వదినగారి ఎగతాళి.

"ఏమిటిది? నేను ఉల్లిపాయలు తరగాల్సిన చోట మా అన్నయ్య మకాం పెట్టాడా?"

"నువ్వైనా చెప్పమ్మా మీ అన్నయ్యకి. మా మాట ఆయన చెవికెక్కదు, ఆయన మాట మా చెవిన పడదు" అంది టైలరమ్మ.

మహారాణి సంచి కింద పెట్టింది. "మీరిద్దరూ ముందుగదిలోకి పొండి. వెళ్లి నిజంగానే అక్కడ ఉండండి. వదినా, నిన్నే అంటున్నాను. గుమ్మం వెనకాల నిలబడకు."

ముందుగదిలో తల్లీ కూతుళ్లు కుషన్ల మధ్య కూర్చున్నారు. టైలరమ్మ ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని, వంకర పోయిన కుచ్చు సరిచేసింది.

"నేనే చెప్పేస్తానే. నా వల్ల కావట్లేదు. కోసింది నేనైతే తిట్లు నీకా?"

"ఇవాళొద్దమ్మా."

"మరెప్పుడు?"

"ఎప్పుడూ వద్దు. నాన్న నామీద ఎన్నాళ్లు కోప్పడతాడు? వారం. ఎలకల మీద ఎన్నాళ్లు ఏడుస్తాడు?"

పదిరోజుల కిందట టైలరమ్మ అటక శుభ్రం చేద్దామని ఎక్కి, తెర మూట విప్పితే మధ్యలోంచి గంపెడు పీలికలు రాలాయి. ఎలకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెంచి, పంపించేశాయి కూడా. చుట్టూ అంచులు మాత్రం బాగున్నాయి. తన ఇంట్లో, తన నెత్తి మీద, ఆయన ప్రాణంలా తెచ్చుకున్న వస్తువు అలా అయిపోయిందని ఆయనతో చెప్పడానికి ఆవిడకు ధైర్యం చాలలేదు. బాగున్నంత మేరా కత్తిరించి కుషన్లు కుట్టింది. పీలికలు సంచిలో కుక్కి చెత్తబండికి ఎత్తేసింది. నింద తన మీద వేసుకుంటానన్నది అమ్మాయి.

"నాకు ఇంతవరకూ ఆయన దగ్గర దాపరికం లేదు" అంది టైలరమ్మ. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడటం అమ్మాయి ఎప్పుడూ వినలేదు.

ఇక్కడ ఇలా ఉంటే, అక్కడ మహారాణి వంటింటి తలుపుకు వీపు ఆనించి నేల మీద చతికిలబడింది.

"అన్నయ్యా."

తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టింది.

"తలుపు అవతల కూర్చున్నావని తెలుసు. ఊపిరి వినపడుతోంది. ఇరవై ఎనిమిదేళ్లు విన్న ఊపిరే కదా."

"నా ఊపిరి నీకెందుకిప్పుడు? నీ నాటకంలో మాటలే లేవుట కదా."

"అదీ సంగతి! నీ కోపం తెర మీద కాదు, నామీద."

"తెర మీద కూడా."

మహారాణి నవ్వింది. "నాకు ఒక్క డైలాగైనా ఎప్పుడైనా కంఠతా వచ్చిందా, అన్నయ్యా?"

"ష్! గట్టిగా అనకు."

ఇది ఆ అన్నాచెల్లెళ్లకు తప్ప మూడో మనిషికి తెలియని విషయం. మహారాణి ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క నాటకం కూడా కంఠతా పట్టలేదు. పట్టలేదంటే బద్ధకం కాదు, ఆవిడకు రాదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అన్నీ తెర పక్క వింగ్ లోంచి అన్నయ్య అందించినవే. 'మాటకు ముందు ఆవిడ తీసుకునే ఆ చిన్న విరామంలోనే నటనంతా ఉంది' అని పత్రికలవాళ్లు మెచ్చుకుంటూ రాసేవారు. ఆ విరామం మాట వచ్చి చేరేదాకా ఆగడం. అంతకంటే ఏమీ లేదు.

"అందుకే ఈ నాటకానికి ఒప్పుకున్నాను" అంది మహారాణి. "కంఠతా పట్టక్కర్లేని నాటకం చచ్చేలోగా ఒక్కటైనా ఆడాలని."

"నేను లేకుండా."

"అవును. నువ్వు లేకుండా ఆడగలనో లేదో చూసుకోవాలని. అందులో తప్పేముంది?"

లోపలినుంచి, "ఆడలేకపోతే?" అని వచ్చింది.

"ఆగిపోతాను. ఇరవై రెండుమంది మూరెడు దూరం నుంచి చూస్తారు. తలుపు తియ్యి, కుర్చీలో కూర్చోవాలి. ఈ నేల చల్లగా ఉంది."

గడియ చప్పుడైంది.

అలా తలుపైతే తీశారు గానీ ఆయన బయటికి మాత్రం రాలేదు. అమ్మాయి పరిగెత్తుకొస్తే మొహం పక్కకు తిప్పుకుని, చెల్లెలితో చెప్పారు.

"దానికి చెప్పు. నేను ఇక్కణ్నుంచి కదలను. ఆ స్టోరు గదిలో కూర్చుంటాను, తలుపు వారగా వేసుకుని. ఎవరికీ కనపడను."

స్టోరు గది అంటే వంటింటి మూలన చిన్న అర. పిండి డబ్బాలూ ఉల్లిపాయల బుట్టలూ పెట్టుకునేది. మనిషి కూర్చుంటే మోకాళ్లు డబ్బాలకు తగులుతాయి.

"కూర్చో నాన్నా. కానీ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు."

"నేనెప్పుడు మాట్లాడాను?" అన్నారాయన. ఆ మాట నిజమే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ముక్కాలిపీట ఆయనే వెతుక్కున్నారు. టార్చి లైటు కూడా తెచ్చుకున్నారు. వెలుగు బయటికి కనపడకుండా దాని అద్దానికి నీలం కాగితం అంటించుకున్న పాత టార్చి. చదవడానికి కాగితమే లేనిచోట టార్చి ఎందుకని అమ్మాయి అడగలేదు. ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, మొదటిసారి కూతురి వైపు తిరిగారు.

"మౌనాలు ఎక్కడెక్కడున్నాయో చెప్పు. సున్నాలు పెట్టుకుంటాను."

అది ఆయన పని పద్ధతి. నటుడు కావాలని ఆగే చోట నాటకం ప్రతిలో పెన్సిలుతో చిన్న సున్నా చుట్టుకుంటారు. సున్నా ఉన్న చోట నోరెత్తకూడదు. సున్నా లేని చోట నటుడు ఆగితే మరిచిపోయినట్టే లెక్క. మూడు ఊపిర్లు చూసి మాట అందించాలి. ముప్పై నాలుగేళ్లలో ఆయన లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

"రాసిందే లేదు కదా నాన్నా, సున్నాలు ఎక్కడ పెడతావు? అయినా నువ్వు మాట్లాడేదే లేనప్పుడు అవన్నీ నీకెందుకు?"

అమ్మాయి తొందరలో ఉంది. నాలుగున్నర అయింది. ఇంకా కూరగాయలు కడగలేదు. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పి ఉంటే ఆ సాయంత్రం ఇంకోలా గడిచేది.

"పోనీ ఏమైనా తినండి ముందు" అంది టైలరమ్మ.

"నాకేం వద్దు" అన్నారాయన, బంగాళాదుంపల వైపు చూస్తూ.

అయిదింటికి జనం వచ్చారు. మొదట బిడియంగా గుమ్మంలో ఆగారు. ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాళ్లు లేరు, ఎటు చూడాలో చూపించే లైట్లు లేవు. టైలరమ్మ ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కుషన్ పెట్టి, "లోపలికి పదండి, ఇరుకు అనుకోకండి, పొయ్యి దగ్గర మాత్రం జాగ్రత్త" అంటూ పంపింది. రెండు నిమిషాల్లో వంటిల్లు నిండిపోయింది. కిటికీ గట్టు మీద ఇద్దరు, గ్రైండరు పక్కన ఒకాయన, ఫ్రిజ్‌కి ఆనుకుని ఓ స్కూలు టీచరమ్మ. పాత హాల్లో ఏళ్ల తరబడి మూడో వరసలో అదే కుర్చీలో కూర్చున్న తాతగారు ఇక్కడ కూడా గోడ నుంచి మూడో మనిషిగా చూసుకుని కూర్చున్నారు.

మహారాణి ఎప్పుడు మొదలుపెట్టిందో ఎవరికీ తెలియలేదు. దుంపలు కడుగుతూ, "ఉల్లిపాయలు తరిగితే నాకు ఏడుపొస్తుంది, ఎవరైనా అందుకుంటారా?" అని ఓ చాకు ముందుకు చాపింది. గ్రైండరు పక్కనాయన అందుకున్నాడు. అంతే, అందరి భుజాలూ తేలికపడ్డాయి. ఆవిడ ఒక వాయి కూర పొయ్యి మీద పడేసి, మిగతా దుంపల తొక్కలు తీస్తూ కబుర్లు చెప్పింది. కిరీటం బరువుకు మెడ పట్టేసిన సంగతీ, యుద్ధం సీనులో కత్తి విరిగితే గరిటె పట్టుకుని గెలిచిన సంగతీ. టీచరమ్మ అలవాటు కొద్దీ చెయ్యెత్తి ప్రశ్న అడిగితే, "చెయ్యి దించండమ్మా, ఇది క్లాసు కాదు" అంది. జనం విరగబడి నవ్వారు.

కిటికీ బయట పెరట్లో నిలబడి చూస్తున్న అమ్మాయికి ఏడు నెలల్లో మొదటిసారి హాయిగా అనిపించింది. చేతిలో చిన్న నోట్‌బుక్కూ పెన్సిలూ ఉన్నాయి గానీ రాసుకోవడం మానేసి చూస్తూ ఉండిపోయింది.

స్టోరు గదిలో గుసగుసగారు టార్చి వెలిగించి, ఖాళీ అరచేతి మీదికి వెలుగు పట్టుకుని కూర్చున్నారు. చెల్లెలి మాటలు ఒక్కొక్కటీ వింటున్నారు. ఒక్కదానికీ ఆగడం లేదు. గొంతులో తడబాటు లేదు. బాగానే ఆడుతోందే, అనుకున్నారు. సంతోషం వేసింది. అయినా టార్చి ఆర్పలేకపోయారు.

"మొట్టమొదటి రోజు" అంటోంది మహారాణి. "నాకు పంతొమ్మిదేళ్లు. రాణి వేషం కాదు, మామూలు ఇల్లాలు వేషం. తెర లేచింది. ఎదురుగా ఎనిమిది వందలమంది. మొదటి మాట నాదే. నోరు తెరిచాను..."

ఆగింది.

చేతిలో దుంప, చాకు అలాగే ఉండిపోయాయి. ఈ మౌనం అమ్మాయి కావాలని పెట్టిందే. ఆ రోజు ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల ఎదుట పరుచుకున్న ఖాళీ ఎంత పెద్దదో చూసేవాళ్లకూ తెలియాలని. ఎంతసేపు ఆగగలిగితే అంతసేపు ఆగమని అత్తకు చెప్పింది. నాటకమంతటికీ ఇది గుండెకాయ.

ఒక ఊపిరి. రెండు. మూడు.

"తలుపు తీసే ఉంది. లోపలికి రండి."

స్టోరు గదిలోంచి వచ్చింది ఆ గుసగుస. ముప్పయ్యేళ్ల కిందట ఆ నాటకంలో ఆయన అందించిన మొదటి మాట అదే. ఆయన గుసగుసకు ఒక కొలత ఉంది. వింగ్ నుంచి వేదిక మధ్యకు వెళ్తుంది, మొదటి వరసకు చేరదు. కానీ ఆ కొలత హాలుది. ఈ వంటింట్లో ఇరవై రెండుమందికీ చెవిలో చెప్పినట్టు వినపడింది.

అందరూ తిరిగి స్టోరు గది తలుపు వైపు చూశారు. పెరట్లో అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది.

మహారాణి కావాలంటే కప్పిపుచ్చగలదు. పిల్లి అనో, పక్కింటి రేడియో అనో అనేస్తే అయిపోను. ఆవిడ చాకు బల్ల మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"విన్నారా? ఆ రోజు నా ప్రాణం కాపాడిన మాట అది. నాది కాదు, మా అన్నయ్యది. ఆ ఒక్కటే కాదు, అన్నీ. ఇరవై ఎనిమిదేళ్లలో నేను ఒక్క మాట కంఠతా పట్టలేదు."

"మరి ఆ విరామం?" అన్నారు మూడో వరస తాతగారు, ఎవరో తన జేబు కొట్టేసినట్టు. "మాటకు ముందు ఆ విరామం?"

"మాట అందేదాకా ఆగడమే బాబాయిగారూ."

తాతగారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "ఆ విరామం కోసమే ప్రతివారం వచ్చేవాణ్ణమ్మా! మా ఆవిడతో దెబ్బలాడి మరీ వచ్చేవాణ్ణి!"

మహారాణి స్టోరు గది తలుపు బార్లా తెరిచింది. లోపల గుసగుసగారు ముక్కాలిపీట మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, భుజం మీద పిండితో, చేతిలో నీలం టార్చితో ఉన్నారు. జీవితంలో ఎప్పుడూ ప్రేక్షకుల కంట పడని మనిషి. కిటికీలో కూతురి మొహం కనపడింది.

"నేను మాట్లాడలేదు" అన్నారు ఆమెతో. "అందించానంతే."

వంటిల్లు మొత్తం నవ్వింది. అమ్మాయికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాటకం గుండెకాయ పగిలింది గానీ, నాటకం మాత్రం ఇంకా నడుస్తోంది. అదెలాగో ఆమెకే తెలియలేదు. పరిగెత్తుకుంటూ చుట్టూ తిరిగి వంటింట్లోకి వచ్చింది.

"సార్" అంది టీచరమ్మ, చెయ్యి సగం ఎత్తి దించేసి. "ఇన్నేళ్లూ అందరి మాటలూ చెప్పారు కదా. మీ సొంత మాట ఒకటి చెప్పండి."

గుసగుసగారు లేచి నిలబడ్డారు. కొన్ని వందల నాటకాలు నాలుక చివర ఉన్నాయి, అందులో తనది ఒక్కటీ లేదు. మాట కోసం, నటులు ఎప్పుడూ చూసే వైపే, పక్కకు చూశారు.

పక్కన టైలరమ్మ నిలబడి ఉంది. ఆవిడ కొంచెం ముందుకు వంగి, పెళ్లయ్యాక మొదటిసారి గుసగుసగా మాట్లాడింది.

"ఆకలేస్తోందని చెప్పండి."

"ఆకలేస్తోంది" అన్నారాయన.

ఆ నవ్వుకు గిన్నెలు కదిలాయి. మహారాణి అప్పుడే దించిన కూర కంచంలో వడ్డించి, రొట్టె ముక్క పక్కన పెట్టి అన్నయ్యకు ఇచ్చింది. ఆయన నిలబడే, సిగ్గుపడుతూనే, తిన్నారు. రెండో ముద్దకు సిగ్గు పోయింది. "ఉప్పు తక్కువైంది" అన్నారు. మిగతా కంచాలు కూడా వచ్చాయి. ఎవరో మంచినీళ్లు అందించారు. ఉల్లిపాయలు తరిగినాయన తన ఉల్లిపాయల వల్లే కూర బాగుందని వాదించాడు. ఎవరూ లేవలేదు. నాటకం అయిపోయిందో లేదో ఎవరికీ తెలియదు, ఎవరికీ పట్టలేదు.

మూడో వరస తాతగారు తింటూ తింటూ కింద కుషన్ తడిమారు. ఇంకోసారి తడిమారు. లేచి, దాన్ని చేతిలోకి తీసుకుని కుచ్చు చూశారు.

"ఇది మన హాలు తెర కాదూ? అరెరె, దీన్నెవరు కోశారు?"

"నే..." అని అమ్మాయి ముందుకొచ్చింది.

"నేను" అంది టైలరమ్మ. ఈసారి సొంత గొంతుతోనే.

గుసగుసగారు తల ఎత్తి భార్య వైపు చూశారు.

"ఎందుకమ్మా?" అన్నారు తాతగారు. తిట్టినట్టు కాదు, నాటకంలో ప్రశ్న వేసినట్టు.

టైలరమ్మ నోరు తెరిచింది. జవాబు ఆవిడకు తెలుసు. పదిరోజులుగా గొంతులోనే ఉంది. రావడం లేదు. ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషి, గరిటె రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

గుసగుసగారు రొట్టె ముక్క కంచంలో పెట్టేశారు. మాట చిక్కుకున్న మొహాలు ఆయనకు కొత్త కాదు. ఒక ఊపిరి చూశారు. రెండు చూశారు. మూడు.

"ఎలకలు కొట్టేశాయని చెప్పు" అని అందించారు.

"ఎలకలు కొట్టేశాయి" అంది టైలరమ్మ అందరి వైపూ చూస్తూ. అని, ఆగి, మెల్లగా ఆయన వైపు తిరిగింది.

"మీకు తెలుసా?"

తెర ఉన్న నాటకమైతే సరిగ్గా ఇక్కడ తాడు లాగేవాళ్లు. గుసగుసగారి చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్లింది. అక్కడ ఉల్లిపాయల బుట్ట ఉంది. మాట కోసం చూద్దామంటే పక్కన కూడా ఎవరూ లేరు. భార్య, చెల్లెలు, కూతురు, ముగ్గురూ ఎదురుగానే నిలబడి ఉన్నారు.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"పోయిన వానాకాలమే చూశాను" అన్నారు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "చిరుగులు లోపలికి మడిచి, బాగున్న వైపు పైకి పెట్టి, మళ్లీ అటకెక్కించింది నేనే. నీకు తెలిస్తే బాధపడతావని దాచాను. పొద్దున్న కుషన్లు చూడగానే, నువ్వు దాన్ని విప్పి చూశావని అర్థమై, నీ మొహం చూడలేక..."

ఆగారు.

టైలరమ్మ ఏదో అందించబోయింది. అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. చేతిలో ఉన్న నోట్‌బుక్కు తెరిచి, ఖాళీ పేజీ మధ్యలో పెన్సిలుతో చిన్న సున్నా చుట్టింది.